అరవై దాటాక వీడియో గేమ్: మెదడుకు ఎంత మేలు, ఒంటికి ఎంత?

[తెరపై: మలుపులు తిరిగే రోడ్డు, మధ్యలో ఒక కారు. పైన రంగురంగుల గుర్తులు మెరిసి మాయమవుతుంటాయి.]

ఈ గేమ్ చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. కారు రోడ్డు దిగిపోకుండా నడుపుతూ ఉండాలి, అంతే. కాకపోతే మధ్యమధ్యలో పైన ఏదో ఒక గుర్తు టక్కున మెరుస్తుంది. అది ఆకుపచ్చ గుండ్రం అయితేనే బటన్ నొక్కాలి. రంగు మారినా, ఆకారం మారినా వేలు కదపకూడదు. గుర్తు మీద ధ్యాస పెడితే కారు పక్కకి పోతుంది. కారు మీద పెడితే గుర్తు తప్పిపోతుంది. కాస్త చెయ్యి తిరిగిందనుకోగానే గేమ్ వేగం పెంచేస్తుంది.

దీని పేరు న్యూరోరేసర్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆడమ్ గజాలీ అనే న్యూరాలజిస్టు, ఆయన బృందం తయారుచేశారు. 60 నుంచి 85 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లకి లాప్‌టాప్‌లు ఇచ్చి ఇళ్లకి పంపి, నెల రోజుల్లో 12 గంటలు ఆడించారు. ఆ తర్వాత పరీక్షిస్తే, ఒకేసారి రెండు పనులు చూసుకోవడంలో వాళ్లు ఈ గేమ్ ఎప్పుడూ ఆడని 20 ఏళ్ల కుర్రాళ్లని దాటేశారు. ఆరు నెలల తర్వాత కూడా ఆ పట్టు నిలిచే ఉంది. 2013లో నేచర్ పత్రిక దీన్ని ముఖచిత్రంగా వేసింది.

ఇందులో నాకు బాగా నచ్చినది కుర్రాళ్లని ఓడించడం కాదు. ఇంకో జట్టు ఉంది. వాళ్లకీ ఇదే గేమ్ ఇచ్చారు, కానీ విడగొట్టి ఇచ్చారు. కాసేపు కారు మాత్రమే నడపాలి, కాసేపు గుర్తులు మాత్రమే చూడాలి. అవే బటన్లు, అన్నే గంటలు. వాళ్లకి ఆ మెరుగుదల రాలేదు. అంటే తెర ముందు కూర్చున్నంత మాత్రాన ఏమీ ఒరగలేదు. రెండు పనులు ఢీకొన్నప్పుడు మెదడు పడే తంటాలోనే అసలు ఫలితం ఉంది.

[తెరపై: 'రోజూ 10 నిమిషాలు! మతిమరుపు మాయం!' అని మెరిసే ప్రకటన. దాని మీద పెద్ద ప్రశ్నార్థకం.]

ఇలాంటి వార్త ఒకటి వస్తే చాలు, అమ్మేవాళ్లు తయారు. 'మెదడుకు వ్యాయామం' అనే పేరుతో యాప్‌లు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. లుమోసిటీ అనే యాప్ కంపెనీ, తమ ఆటలు వయసుతో వచ్చే మతిమరుపుని, డిమెన్షియాని (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా దెబ్బతినే జబ్బుని) వాయిదా వేస్తాయన్నట్టు ప్రచారం చేసుకుంది. ఆ మాటలకి తగిన ఆధారం లేదని మోసపు ప్రకటనల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2016 జనవరిలో కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీకి వచ్చింది.

చిక్కంతా ఎక్కడంటే, ఏది సాధన చేస్తే అది వస్తుంది. ఈత నేర్చుకున్నవాడికి ఈత వస్తుంది, దాంతో సైకిల్ రాదు. తెర మీద అంకెలు గుర్తుపెట్టుకునే ఆట రోజూ ఆడితే, ఆ ఆటలో స్కోరు ఖాయంగా పెరుగుతుంది. గ్రాఫ్ పైకి ఎక్కుతుంటే మనకీ ఉత్సాహంగా ఉంటుంది. కానీ మందు వేసుకున్నామో లేదో గుర్తుండటం, కళ్లజోడు ఎక్కడ పెట్టామో తెలియడం దాంతో మెరుగుపడతాయా? అక్కడే పరిశోధకుల మధ్య గొడవ. 2014లో దాదాపు 70 మంది శాస్త్రవేత్తలు 'ఈ ప్రచారానికి తగిన ఆధారం లేదు' అని బహిరంగ ప్రకటన ఇచ్చారు. కొన్నాళ్లకే వందమందికి పైగా 'మరీ అంత కొట్టిపారేయకండి' అని ఇంకో ప్రకటన ఇచ్చారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

మరి 'బ్రెయిన్ గేమ్' అనే లేబుల్ లేని మామూలు గేమ్‌ల సంగతేంటి? నాకైతే ఇదే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది.

[తెరపై: మూడు కొలతల లోకంలో పరిగెత్తే బొమ్మ. వెనక నుంచి కెమెరా చుట్టూ తిరుగుతుంటుంది.]

సూపర్ మారియో 64. పిల్లల కోసం 1996లో వచ్చిన ఆట. మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగ్ వెస్ట్ బృందం దీన్ని 55 నుంచి 75 ఏళ్లవాళ్ల చేతిలో పెట్టింది. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు, ఆరు నెలలు. ఇంకో జట్టుకి పియానో పాఠాలు చెప్పించారు. మూడో జట్టుకి ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఎమ్మారై తీసి చూస్తే, మారియో ఆడినవాళ్ల హిప్పోకాంపస్‌లో గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు ఎక్కువగా ఉండే పదార్థం, పెరిగింది. హిప్పోకాంపస్ అంటే దారులు, సంఘటనలు గుర్తుపెట్టుకునే చోటు. అల్జీమర్స్‌లో మొదట్లోనే దెబ్బతినే భాగాల్లో అదొకటి. 2017లో వచ్చిన ఈ అధ్యయనంలో ఉన్నది మొత్తం 33 మందే, కాబట్టి మరీ పండగ చేసుకోనక్కర్లేదు.

అయినా అలా ఎందుకు జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఎప్పుడూ కంట్రోలర్ పట్టుకోని మనిషిని గమనించండి. ఒక బటన్ బొమ్మని నడిపిస్తుంది, ఇంకోటి చూపుని తిప్పుతుంది. మొదట్లో బొమ్మ గోడని గుద్దుకుంటూ నిలబడుతుంది, కెమెరా ఆకాశం వైపు చూస్తుంటుంది, మనిషి మాత్రం కంట్రోలర్‌తో పాటు మొత్తం ఒళ్లంతా పక్కకి వంచేస్తారు. కొన్ని రోజులకి వేళ్లు వాటంతట అవే కదులుతాయి. అప్పుడు మెదడు ఇంకో పని ఎత్తుకుంటుంది: ఈ కోటలో ఏ తలుపు వెనక ఏముంది, ఇందాక వచ్చిన మెట్లు ఎటువైపు ఉన్నాయి? లేని ఊరి మ్యాపు తలలో గీసుకోవాలి. మనం రోజూ తిరిగే దారులకి ఆ శ్రమ ఎప్పుడో తీరిపోయింది.

ఇంకో అధ్యయనం దీనికి బాగా అతుకుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖలో 60 నుంచి 80 ఏళ్లవాళ్లని మూడు జట్లు చేసి, నాలుగు వారాలపాటు ఒక జట్టుకి సూపర్ మారియో 3డీ వరల్డ్, ఒక జట్టుకి యాంగ్రీ బర్డ్స్, ఒక జట్టుకి ఒక్కరే ఆడుకునే పేకాట సోలిటైర్ ఇచ్చారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మొదటి రెండు జట్లు ముందుకెళ్లాయి. సోలిటైర్ జట్టు ఉన్నచోటే ఉంది. సోలిటైర్‌లో తప్పేమీ లేదు, హాయిగా పొద్దుపోతుంది. కానీ ఆ వయసువాళ్లకి పేకముక్కలు కొత్తేమీ కాదు. ఏళ్ల తరబడి అదే పజిల్ ఆడుతూ 'మెదడుకి పని చెబుతున్నా' అనుకునేవాళ్లు దీన్ని కాస్త పట్టించుకోవాలి.

డిమెన్షియా గురించి ఒక్క మాట. అమెరికాలో 65 దాటిన 2,832 మందితో యాక్టివ్ అనే పెద్ద పరిశోధన జరిగింది. తెర మధ్యలో ఒక బొమ్మ, అంచున ఇంకో బొమ్మ ఒక్క క్షణం మెరుస్తాయి. ఏమేం చూశారో చెప్పాలి. చెప్పేకొద్దీ ఆ క్షణం ఇంకా కుదించుకుపోతుంది. చూపు వేగానికి శిక్షణ అన్నమాట. ఈ శిక్షణ తీసుకున్నవాళ్లలో పదేళ్ల తర్వాత డిమెన్షియా ముప్పు 29 శాతం తక్కువగా కనిపించింది. అదే పరిశోధనలో జ్ఞాపకశక్తికి నేరుగా శిక్షణ ఇచ్చిన జట్టుకి ఆ లాభం కనబడలేదు. ఆశ పుట్టించే సంగతే. అలాగని గేమ్ ఆడితే డిమెన్షియా రాదని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

[తెరపై: టీవీ ముందు చదునైన బోర్డు మీద నిలబడ్డ పాదాలు. టీవీలో ఎర్ర చుక్క.]

ఇప్పుడు ఒంటి సంగతి. ఇక్కడ మాట సూటిగా ఉంటుంది: సోఫాలో కూర్చుని ఆడే గేమ్ ఒంటికి ఏమీ చేయదు. నిలబెట్టే గేమ్ చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం కింద పడటం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు, వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. బ్యాలెన్స్‌కి, కాళ్ల కదలికకి సంబంధించిన వ్యాయామాలు చేస్తే పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. తెలిసినా చేయరు, ఎందుకంటే విసుగు. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడమంటే మూడో రోజుకే మానేస్తారు.

నింటెండో 2007లో తెచ్చిన బ్యాలెన్స్ బోర్డు ఈ విసుగుకి ఒక మందు. చూడ్డానికి బరువు తూచే మిషన్‌లా ఉంటుంది, నాలుగు మూలలా సెన్సర్లు. బరువు మునివేళ్ల మీదకి వెళ్తే తెర మీద చుక్క ముందుకి జరుగుతుంది, మడమల మీదకి వస్తే వెనక్కి. చాలామందికి ఎదురయ్యే ఆశ్చర్యం ఏంటంటే, నిటారుగా నిలబడ్డామనుకున్నా చుక్క ఒక పక్కకే ఉంటుంది. నొప్పి ఉన్న మోకాలిని కాపాడుకుంటూ బరువంతా రెండో కాలి మీద వేస్తున్నారన్నమాట. ఆ చుక్కని మధ్యకి తేవాలన్న పట్టుదలతో చేసేదే వ్యాయామం. నడకకి, కండరాలకి బలమిచ్చే కసరత్తుకి ఇది బదులు కాదు, వాటికి తోడు.

మనసు విషయానికొస్తే, శాన్ డియేగోలో 2010లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం ఉంది. తేలికపాటి డిప్రెషన్ లక్షణాలున్న 19 మంది, 63 నుంచి 94 ఏళ్లవాళ్లు, వారానికి మూడుసార్లు 35 నిమిషాలు వీ స్పోర్ట్స్ ఆడారు, అంటే నింటెండో వారి 'వీ' మిషన్ మీద చెయ్యి ఊపుతూ ఆడే ఆటలు. టెన్నిస్, బౌలింగ్, బాక్సింగ్, ఎవరికి నచ్చింది వాళ్లు. పన్నెండు వారాలకి మూడో వంతు మందికి పైగా లక్షణాలు సగానికి సగం తగ్గాయి. పోల్చి చూడటానికి ఇంకో జట్టు లేదు కాబట్టి తగ్గింది ఆటవల్లో, వారానికి మూడుసార్లు ఎవరో వచ్చి పలకరించడంవల్లో చెప్పలేం. పలకరింపువల్ల తగ్గినా మంచిదే కదా!

జపాన్‌లోని అకితాలో 60 దాటినవాళ్లతో మాటగి స్నైపర్స్ అనే ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) జట్టు 2021 నుంచి నడుస్తోంది. తుపాకుల ఆట, కుర్రాళ్లతో పోటీ. ఒకరికొకరు అరుచుకుంటూ ఆడే ఆటలో ఒంటరితనానికి చోటు తక్కువ.

[తెరపై: నొప్పిగా ఉన్న భుజాన్ని పట్టుకున్న మనిషి.]

నష్టాలూ ఉన్నాయి. మోజులో పడి గంటల తరబడి వీ స్పోర్ట్స్‌లో టెన్నిస్ ఆడిన ఒకతను భుజం నొప్పితో నిద్రలేచిన సంగతి 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 'వీ-ఐటిస్' పేరుతో అచ్చయింది. అతనికి 29 ఏళ్లే, పెద్దవాళ్ల భుజాలు ఇంకా సున్నితం. తెర చూస్తూ కన్ను ఆర్పడం మరిచిపోతాం, కళ్లు పొడిబారతాయి. కళ్లముందు వేరే లోకాన్ని చూపించే, తలకి పెట్టుకునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సెట్లతో కళ్లు తిరిగే ప్రమాదం ఉంది, కాబట్టి కూర్చునే వాడాలి. బ్యాలెన్స్ ఆటలకి పక్కన బరువైన కుర్చీ ఉండాలి, కాళ్ల దగ్గర తివాచీ ఉండకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. ఫోన్‌లో ఉచిత గేమ్‌లైతే డబ్బు గుంజే బటన్లతో నిండి ఉంటాయి. ఇంకో లెవెల్ కోసం నొక్కుతూ పోతే ఖాతా ఖాళీ. ఫోన్ చేతికివ్వక ముందే కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టేయండి.

ఇంట్లో పెద్దవాళ్లకి నేర్పించబోతున్నారా? సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేయండి, టైమర్ ఉంటే తీసేయండి. ఒకేసారి అన్ని బటన్లూ చెప్పకండి, మొదటి రోజు నడిపించే స్టిక్ ఒక్కటి చాలు. బొమ్మ గుంతలో పడుతూనే ఉంటుంది. అప్పుడు 'ఇటివ్వు, నేను చూపిస్తా' అని కంట్రోలర్ లాక్కోవడం మనలో చాలామంది చేసే పని. చేతులు కట్టుకుని కూర్చోండి. ఆ గుంత వాళ్లే దాటాలి.