సీరియల్ అయ్యాక మొదలయ్యే మాటలు: టీవీ అభిమానుల గ్రూపులపై రాజమహేంద్రవరంలో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం చర్చ టీవీ కార్యక్రమాల అభిమానుల గ్రూపుల మీద. వాట్సాప్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్... ఎందులో చూసినా సాయంత్రం ఏడు దాటాక మన గోదావరి జిల్లాల్లో వీటి సందడే. పనీపాటా లేనివాళ్ల కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. అందుకే ఈ చర్చ పెట్టాం. అమలాపురంలో టైలరింగ్ చేసుకుంటూ సీరియల్ గ్రూపు నడుపుతున్న అడ్మిన్ గారు, ఇక్కడే జర్నలిజం పాఠాలు చెప్పే మాస్టారు, పాలకొల్లులో పుట్టి హైదరాబాద్‌లో సీరియళ్లకు మాటలు రాస్తున్న రచయిత్రి గారు, భీమవరం నుంచి బిగ్‌బాస్ గ్రూపు నడిపే ఇంజినీరింగ్ విద్యార్థి వచ్చారు. పేర్లు వద్దని అడ్మిన్ గారు కోరారు, మిగతావాళ్లూ సరేనన్నారు. అమ్మా, మీతోనే మొదలుపెడదాం. మీ గ్రూపు ఎలా పుట్టింది?

అడ్మిన్: కార్తీకదీపం సీరియల్ వస్తున్న రోజులండి. జాకెట్ కొలతలిద్దామని వచ్చినవాళ్లు, కొలతలైపోయినా కదిలేవారు కాదు. వంటలక్క చేసిన తప్పేంటి, ఆ డాక్టర్ బాబుకి కళ్లు లేవా అని ఒకటే గోల. కుట్టుపని ఆగిపోతోందని గ్రూపు పెట్టేనండి. మొదట మా వీధివాళ్లే. తర్వాత కువైట్‌లో ఉన్న మా ఆడపడుచు చేరింది. ఆవిడ వెనకాలే అక్కడ ఇళ్లల్లో పనిచేసే మన కోనసీమ ఆడవాళ్లు చేరేరు. సీరియల్ టైముకి వాళ్లకి టీవీ ముందు కూర్చోవడం కుదరదు కదండీ. పనంతా అయ్యాక ఫోన్ తీసి "ఇవాళేం జరిగింది వదినా" అని ఒక్క ముక్క పెడతారు. కొత్తపేట వైపు నుంచి ఒక పెద్దావిడ ఉన్నారు మా గ్రూపులో. ఎపిసోడ్ మొత్తం వాయిస్‌లో చెప్తారు. ఎవరు ఏమన్నారు, ఎవరి మొహం ఎలా మాడిపోయింది, అత్తగారు ఏ చీర కట్టింది, అన్నీ! సీరియల్ చూసినవాళ్లు కూడా ఆవిడ చెప్పింది మళ్లీ వింటారండి.

వ్యాఖ్యాత: ఆవిడకి ఎవరైనా డబ్బిస్తారా?

అడ్మిన్: అబ్బే, ఎవరిస్తారండి. ఆవిడకి అదంటే ప్రాణం. ఒంట్లో బాగోకపోతే ముందే చెప్తారు, "ఇవాళ ఎవరైనా చూసుకోండమ్మా" అని.

మాస్టారు: ఇక్కడ ఒక మాట చెప్పాలి. సరిగ్గా ఈ పనినే నలభై ఏళ్ల కిందట అమెరికాలో కూడా చేశారు. ఇప్పుడున్న వెబ్ అప్పటికి లేదు. డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు 1979లో ఆలోచించి, 1980లో నడపడం మొదలుపెట్టిన యూజ్‌నెట్ అనే వ్యవస్థ ఉండేది. కంప్యూటర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకున్నట్టు ఉండేది. అందులో సైన్స్ గ్రూపుల పక్కనే, 1980ల్లోనే, పగటి సీరియళ్ల అభిమానులకు వేరే గ్రూపు వచ్చేసింది. అక్కడ సీరియళ్లు మధ్యాహ్నం వస్తాయి, ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు చూడలేరు. అందుకని రోజుకొకరు వంతు వేసుకుని ఆనాటి కథంతా టైపు చేసి పెట్టేవారు. నాన్సీ బేమ్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆ గ్రూపులో ఉండి దాన్ని అధ్యయనం చేశారు. జనం అక్కడికి కథ కోసమే రారు, ఆ కథ మీద ఒకరి బుర్రకి ఒకరు పదును పెట్టుకోవడానికి, తమ బతుకుల గురించి మాట్లాడుకోవడానికి వస్తారని ఆమె గమనించారు. కొత్తపేట పెద్దావిడకి యూజ్‌నెట్ సంగతి తెలిసి ఉండదు. అయినా అదే పని చేస్తున్నారు.

వ్యాఖ్యాత: మరి మన దగ్గర ఇంత ఆలస్యంగా ఎందుకు, ఇంత హఠాత్తుగా ఎందుకు?

మాస్టారు: 1987లో టీవీలో రామాయణం వచ్చినప్పుడు గోదావరి మధ్య లంక గ్రామాల్లో ఊరికి ఒకటో రెండో టీవీలు. చూసేవాళ్లంతా ఒకే అరుగు మీద ఉండేవారు. చర్చ అక్కడే అయిపోయేది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక కేబుల్ ఇంటింటికీ పాకింది, ఎవరి గదిలో వాళ్లు చూడటం అలవాటైంది. చక్రవాకం, మొగలిరేకులు సీరియళ్ల రోజుల నాటికి మాట్లాడాలన్న కోరిక నిండుగా ఉంది, చోటే లేదు. ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి, అప్పట్లో ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్‌లో రాసింది కుర్రాళ్లే, గృహిణులు కారు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైంది. తెలుగు టైపు చేయడం రానివాళ్లకి వాయిస్ మెసేజ్ దొరికింది. నా దృష్టిలో అసలు మలుపు ఆ వాయిస్ మెసేజే. చదువు పెద్దగా లేని మనిషి కూడా వాదనలో దిగగలిగింది.

అడ్మిన్: ఆయ్, నిజమండి. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్లున్నారు మాలో. చేతులు ఖాళీ ఉండవు. ఫోన్ పక్కన పెట్టుకుని వింటారు, అల్లిక ఆపి ఒక మాట అంటారు, మళ్లీ అల్లుకుంటారు.

వ్యాఖ్యాత: బాబూ, మీది బిగ్‌బాస్ గ్రూపు. పద్ధతి వేరా?

విద్యార్థి: చాలా వేరండి. మాది టెలిగ్రామ్. ఒక్క గ్రూపులో రెండు లక్షల మంది దాకా పడతారు. మాకు సంఖ్యే బలం. 2018లో రెండో సీజన్‌లో కంటెస్టెంట్ కౌశల్ అభిమానులు, అదే కౌశల్ ఆర్మీ, ఏం చేసిందో అందరూ చూశారు. ఆయన కోసం హైదరాబాద్‌లో 2కే రన్ కూడా చేశారు, చివరికి గెలిపించుకున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్లంతా ఒక మనిషి కోసం కలవడం గొప్ప విషయం కాదాండీ? మా సీరియల్ అక్కలు కథని మార్చలేరు. మేం ఓటుతో మార్చగలం.

మాస్టారు: కలవడం గొప్పే బాబూ. 2023 డిసెంబర్‌లో ఏడో సీజన్ ఫైనల్ రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టింది కూడా అలా కలిసినవాళ్లే.

విద్యార్థి: అది తప్పేనండి, నేను సమర్థించను. కానీ ఒకటి చెప్పనివ్వండి. మా గ్రూపు చిన్నగా ఉన్నప్పుడు టాస్క్ ఎవరు బాగా ఆడారు, ఎవరు మోసం చేశారు అని రాత్రంతా వాదించుకునేవాళ్లం. వేలల్లోకి వెళ్లాక వాదన ఆగిపోయింది. వేరే కంటెస్టెంట్ బాగా ఆడాడు అన్నవాడిని "వాడి మనిషివి" అని తరిమేశారు. ఇప్పుడు నినాదాలు, స్క్రీన్‌షాట్లు, బూతులు మాత్రమే కనిపిస్తాయి. దాన్ని ఎలా ఆపాలో మాకు తెలియడం లేదు.

అడ్మిన్: నాన్నా, నేను చెప్తాను. వాట్సాప్ గ్రూపులో ఇదివరకు 256 మందే పట్టేవారు. 2022లో 512 చేసేరు, ఆ ఏడాదే 1024 కూడా చేసేరు. మావాళ్లు "పెంచుదాం, పెంచుదాం" అన్నారు. నేను పెంచలేదు. ఒకావిడ నోరు జారితే పక్కకి ఫోన్ చేసి "ఏంటమ్మా అలా అన్నావు" అని అడగగలగాలి. అడగలేనంత మంది ఉంటే నేను అడ్మిన్ ఎందుకు? కొత్తవాళ్లు వస్తామంటే వేరే గ్రూపు పెట్టుకోమంటాను, ఎలా నడపాలో చెప్తాను. రాజోలులో ఒకటి, ముమ్మిడివరంలో ఒకటి అలా పుట్టేయండి.

వ్యాఖ్యాత: నియమాలు ఏమైనా పెట్టారా?

అడ్మిన్: పెట్టకపోతే అవ్వదండి. యాప్‌లో చందా కట్టినవాళ్లు కొన్ని సీరియళ్లు టీవీలో రాకముందే చూసేస్తారు. టీవీలో అయ్యేదాకా వాళ్లు నోరు విప్పకూడదు, అదొకటి. కులం మాట, పార్టీ మాట రాకూడదు. పాత్రని ఎంతైనా తిట్టండి, ఆ వేషం వేసిన పిల్లని తిడితే మాత్రం తీసేస్తాను. నా సొంత తోటికోడల్నే తీసేసేను. నెల్లాళ్లు మాట్లాడలేదు.

రచయిత్రి: ఆ మూడో నియమానికి మీకు దండం పెట్టాలమ్మా. విలన్ వేషాలు వేసే అమ్మాయిలు ఫోన్ తెరవడానికి భయపడతారు. నేను రాసిన మాటకి ఆ అమ్మాయి తిట్లు తింటుంది. "నీ పిల్లలు నాశనమైపోతారు" అని రాస్తారు. తెరమీద ఏడిపించినందుకు ఆమె పిల్లల జోలికి వెళ్లడం ఏం న్యాయం? సెట్‌లో ఆ కామెంట్ చదివి ఆ అమ్మాయి కన్నీళ్లు పెట్టుకుంటే, షాట్ ఆగిపోయిన రోజులున్నాయి.

వ్యాఖ్యాత: మీరు ఈ గ్రూపుల మాటలు పట్టించుకుంటారా? నిజం చెప్పండి.

రచయిత్రి: పట్టించుకుంటాం. మన సీరియళ్లు ప్రసారానికి కొద్ది రోజుల ముందే షూట్ అవుతాయి. కథ ఇంకా తడిగా ఉన్నప్పుడే జనం మాట వినపడుతుంది. అయితే నిర్ణయించేది గురువారం వచ్చే రేటింగ్. ఏ కార్యక్రమం ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ అనే సంస్థవాళ్లు దేశం మొత్తం మీద కొన్ని పదుల వేల ఇళ్లల్లో అందుకు మీటర్లు పెడతారు, ఆ ఇళ్లు ఏవో బయటికి చెప్పరు. మీ గ్రూపులో ఎంత గొప్ప చర్చ జరిగినా అందులో ఎవరింట్లోనూ మీటర్ లేకపోతే ఆ లెక్కలోకి రాదు.

అడ్మిన్: అంటే మేం రోజూ చూసింది ఎక్కడా పడదాండీ?

రచయిత్రి: మీటర్‌లో పడదు. ప్రోమో కింద రాస్తే పడుతుంది, ఎందుకంటే ఛానల్‌వాళ్లు అవి చూస్తారు. అక్కడ ఎక్కువ కనిపించేది కోపం. కోపానికి స్పందన ఎక్కువని ఇంకో చెంపదెబ్బ సీను రాయమంటారు. మీ గ్రూపులో ఉండే నిదానమైన మాట మా దాకా రాదు. ఈ పనిలో నాకు బాధ కలిగించేది అదే. మన చూసేవాళ్లు తెలివితక్కువ వాళ్లనుకుని రాయమంటున్నారు, వాళ్లు కాదని నాకు తెలుసు.

మాస్టారు: ఇంకో ప్రమాదం కూడా ఉంది. గ్రూపు మనది, చోటు మనది కాదు. ఆర్కుట్‌ని 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. అమెరికాలో టెలివిజన్ వితౌట్ పిటీ అని అభిమానులు ఏళ్ల తరబడి ఎపిసోడ్లని చీల్చి చెండాడిన చోటు ఉండేది. 2007లో ఒక టీవీ సంస్థ కొనుక్కుంది, 2014లో ఆపేసింది. కొత్తపేట ఆవిడ వాయిస్‌లు ఎవరైనా దాస్తున్నారా?

అడ్మిన్: ఫోన్ నిండిపోతే చెరిపేస్తారండి అందరూ. దాచాలన్న ఆలోచనే రాలేదు.

మాస్టారు: దాచండమ్మా. ఒక పెన్‌డ్రైవ్ చాలు. ఇప్పటి గోదావరి ఆడవాళ్లు పెళ్లి గురించి, అత్తింటి గురించి ఏమనుకుంటున్నారో రేపు ఎవరైనా తెలుసుకోవాలంటే అంతకంటే మంచి ఆధారం ఉండదు. ఆవిడ ఒప్పుకుంటేనే సుమా.

వ్యాఖ్యాత: 2022లో మీ ప్రాంతంలో నెట్ ఆపేశారు కదా. అప్పుడు గ్రూపు ఏమైంది?

అడ్మిన్: మేలో గొడవలయ్యాక ఆపేసేరండి. కువైట్‌వాళ్లు కంగారు పడి మామూలు ఫోన్లు చేసేరు. మేం క్షేమమని తెలిసేక, "సరే గానీ సీరియల్లో ఏమైంది" అని అడిగేరు! ఐఎస్‌డీ కాల్‌లో కథ చెప్పేం. మళ్లీ జులైలో వరద. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో ఉన్న మావాళ్లు మేడల మీదకెక్కేరు. ఆ నాలుగు రోజులు గ్రూపులో సీరియల్ మాట లేదండి. ఎక్కడ పడవ ఉంది, ఏ ఇంట్లో చంటిపిల్ల ఉంది, పాలెవరు పంపుతారు, ఇవే. ఎవరిల్లు ఎక్కడో మాకు తెలుసు కాబట్టి అయ్యిందది.

విద్యార్థి: మా గ్రూపులో అయితే కుదరదండి. నా పక్క వీధివాడు అందులో ఉన్నా నాకు తెలియదు.

అడ్మిన్: అయితే ఊరికొకటిగా విడగొట్టు నాన్నా. ఓటు వేసే రోజున అందరూ కలవండి, మిగతా రోజులు చిన్నగా ఉండి మాట్లాడుకోండి.

విద్యార్థి: భీమవరంవాళ్లతో మొదలుపెడతానక్కా. వచ్చే సీజన్ లోపు.

వ్యాఖ్యాత: రచయిత్రి గారు ఇందాకటి నుంచి ఏదో అడగాలనుకుంటున్నారు.

రచయిత్రి: అమ్మా, నన్ను మీ గ్రూపులో చేర్చుకుంటారా? ఏమీ మాట్లాడను. మీరంతా ఏమంటున్నారో విని, ఆ నిదానమైన మాట నేనే ఛానల్‌వాళ్లకి చెప్తాను.

అడ్మిన్: మీరు అడగడం మాకు చాలా గౌరవమండి. కానీ చేర్చుకోలేను. రాసేవాళ్లు వింటున్నారని తెలిస్తే మావాళ్లు మీకు నచ్చేట్టు మాట్లాడతారు. ఒకావిడ తన మొగుడి గురించి చెప్పుకోవాలనుకుని వంటలక్క పేరు పెట్టి చెప్తుంది. అది సీరియల్లోకి వచ్చేస్తే మళ్లీ నోరు విప్పదు. మీకు తెలుసుకోవాలనుంటే అమలాపురం రండి. మా ఇంటి దగ్గర కూర్చుని అందరితో మాట్లాడుదురుగాని. ఎవరికి ఇష్టమైతే వాళ్లు చెప్తారు.

రచయిత్రి: వస్తానమ్మా. సంక్రాంతికి ఎలాగూ పాలకొల్లు వస్తాను. గోదావరి దాటితే మీరే కదా.