నాంపల్లి కోర్టులో ఆ పదివేలు కట్టే ముందు

నమస్తే అండీ. ఇవాళ మనం నాంపల్లి క్రిమినల్ కోర్టుల గేటు బయట ఉన్నాం. లోపల వీడియో తీయకూడదు, కాబట్టి కెమెరా ఇక్కడే ఆగుతుంది. విషయం డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు. మేనకోడలి పెళ్ళికో, వీసా స్టాంపింగుకో విదేశాల నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి, రిసెప్షన్‌లో రెండు పెగ్గులు వేసుకుని, బావగారి కారు నడుపుతూ జూబ్లీహిల్స్‌లో చెకింగ్‌లో దొరికిపోయే మనవాళ్ళ కోసం ఈ వీడియో. దొరికాక ఎక్కువమంది అనే మాట ఒకటే: "ఎల్లుండి ఫ్లైటు ఉంది, ఎంతో కొంత కట్టేసి వెళ్ళిపోదాం." ఆ కట్టేయడానికి చట్టంలో ఉన్న అర్థం వేరు. అదేంటో నిదానంగా చూద్దాం.

ముందు లెక్క దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం, యూటాలో 0.05. ఇంగ్లండులో వంద మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం ఇక్కడ 30 దాటితే చాలు, అంటే 0.03. డాలస్‌లో "నాకేం కాదు, రెండింటికి ఎక్కలేదు" అని ధైర్యంగా స్టీరింగ్ పట్టుకునే మనిషికి హైదరాబాద్‌లో అదే రెండు పెగ్గులతో కేసు పడుతుంది. ఆకలితో, నిద్ర లేకుండా, జెట్‌లాగ్‌లో ఉన్నప్పుడు తన ఒంటి మీద తన అంచనా అసలే నమ్మదగింది కాదు.

ఇక మెషిన్ సంగతి. యూనిఫాంలో ఉన్న పోలీసు బ్రీత్ అనలైజర్‌కి స్ట్రా పెట్టి ఊదమంటారు. మీ ముందే కొత్త స్ట్రా తీశారా లేదా చూడండి. ఊదాక తెర మీద అంకె వస్తుంది, తర్వాత స్లిప్ ప్రింట్ అవుతుంది. దాని మీద తేదీ, సమయం, మెషిన్ సీరియల్ నంబరు, రీడింగ్ ఉంటాయి. ఈ నాలుగూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి, రేపు లాయరు మొదట అడిగేది అదే. మౌత్‌వాష్ పుక్కిలించిన వెంటనే, లేదా ఇంకా గొంతు తడి ఆరకముందే ఊదితే నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల రీడింగ్ ఎక్కువగా చూపించవచ్చు, పదిహేను ఇరవై నిమిషాలకు అది తగ్గుతుంది. అలాంటి కారణం నిజంగా ఉంటే మర్యాదగా చెప్పి, కాసేపు ఆగి మళ్ళీ ఊదనివ్వమని అడగండి. ఊదను అని మొండికేయడం మాత్రం తెలివైన పని కాదు. నిరాకరించినా అరెస్టు చేసే అధికారం చట్టం ఇచ్చింది, ఆ నిరాకరణే కోర్టులో మీకు వ్యతిరేకంగా వాడవచ్చు. అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలిపెట్టాలి. ఇది సెక్షన్ 202లో ఉంది. అరెస్టు చేసిన సమయం కాగితం మీద రాయించుకోండి.

బండి విషయంలో 2021లో తెలంగాణ హైకోర్టు స్పష్టంగా చెప్పింది: తాగి నడిపాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని పట్టుకుని ఉంచుకోకూడదు. పక్కన తాగని, లైసెన్సున్న మనిషి ఉంటే అతనికి అప్పగించాలి. అందుకే పెళ్ళికి వెళ్ళేటప్పుడే మందు ముట్టని ఒక తమ్ముణ్ణి వెంటబెట్టుకు వెళ్ళడం మంచిది.

కారు బావగారిదైతే ఇంకో ముడి ఉంది. మీ దగ్గర అమెరికా లైసెన్సు మాత్రమే ఉండి, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేక, ఇక్కడి పాత లైసెన్సు గడువు తీరిపోయి ఉంటే సెక్షన్ 181 కూడా పడొచ్చు: 3 నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. తెలిసి బండి ఇచ్చిన యజమానికి సెక్షన్ 180 కింద అంతే. తాగినవాడి చేతికి తాళాలిచ్చి పక్కనే కూర్చున్నందుకు సెక్షన్ 188 కింద ప్రోద్బలం అని కూడా అనవచ్చు. బావగారి ఇంట్లో గొడవ ఎక్కడ మొదలవుతుందో ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు శిక్ష. మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. రెండోసారికి 2 ఏళ్ళ వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. మొదటి కేసుకే లైసెన్సు కొన్ని నెలలు సస్పెండయ్యే వీలుంది. ఇది రోడ్డు మీద చలానా కట్టి ముగించుకునే నేరం కాదు. రాజీ కుదిరే నేరాల జాబితాలో సెక్షన్ 185 లేదు, కాబట్టి "ఇక్కడే సెటిల్ చేసుకుందాం సార్" అనే మాట ఎవరి నోట వచ్చినా నమ్మకండి. కుటుంబసభ్యుణ్ణి వెంటబెట్టుకుని గోషామహల్, బేగంపేటల్లోని ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్‌కి వెళ్ళాలి. ఆ తర్వాత కోర్టు.

కోర్టులో పేరు పిలుస్తారు, "నేరం ఒప్పుకుంటున్నారా?" అని అడుగుతారు. "ఒప్పుకుంటున్నాను" అంటే జరిమానా వేస్తారు, ఒక్కోసారి కోర్టు లేచేదాకా అక్కడే నిలబడమంటారు, రీడింగ్ బాగా ఎక్కువైతే కొన్ని రోజుల జైలూ పడొచ్చు. మధ్యాహ్నానికల్లా రసీదుతో బయటికొస్తారు. ఆ రసీదు చేతికొచ్చిన క్షణంలో మీరు శిక్ష పడిన మనిషి. నేరం ఒప్పుకుంటే తర్వాత అప్పీలులో శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నదే అడగగలరు, తప్పు చేయలేదని ఇక అనలేరు.

దీనికి అమెరికా వీసాతో ఉన్న సంబంధం అక్కడ కూర్చున్న చాలామందికి తెలియదు. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు, ఏ దేశంలోనైనా సరే. చిన్న జరిమానా అని దాచిపెడితే అది మోసపూరితమైన తప్పుడు సమాచారం కిందికి వస్తుంది, అది శాశ్వత నిషేధం దాకా పోగలదు. నిజం రాస్తే అంత భయం లేదు. సాధారణంగా గత 5 ఏళ్ళలో ఒక మద్యం కేసు, లేదా 10 ఏళ్ళలో రెండు ఉంటే కాన్సులేట్ మిమ్మల్ని ప్యానెల్ డాక్టరు, అంటే తాము గుర్తించిన డాక్టరు దగ్గరికి పంపుతుంది. వీసా కొన్ని వారాలు ఆగుతుంది, ఉద్యోగంలో చేరాల్సిన తేదీ దాటిపోతుంది.

మరి పోరాడాలా? రీడింగ్ 33, 36 లాంటిదైతే, స్ట్రా మార్చలేదనో మెషిన్ క్యాలిబ్రేషన్ (కొలత సరిచూసే తనిఖీ) గడువు తీరిందనో ఆధారం ఉంటే పోరాడటం న్యాయమే. రీడింగ్ 140 వచ్చి, అన్నీ సక్రమంగా జరిగి ఉంటే వాయిదాల మీద వాయిదాలతో ఏళ్ళు గడపడం కంటే ఒప్పుకోవడమే మేలు. అయితే ఒప్పుకునే ముందు లాయరు చేత ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958 కింద అడిగించండి. 2 ఏళ్ళకు మించని శిక్ష ఉన్న నేరానికి, పాత శిక్షలేమీ లేకపోతే, సెక్షన్ 3 కింద మందలించి వదిలేసే అధికారం కోర్టుకు ఉంది. సెక్షన్ 12 ప్రకారం అలా వదిలిన మనిషికి శిక్ష వల్ల ఇక్కడ వచ్చే అనర్హతలు అంటవు. ఇవ్వడం, ఇవ్వకపోవడం జడ్జిగారి విచక్షణ, కానీ అడగకపోతే ఎవరూ ఇవ్వరు. అమెరికా ఫారంలో మాత్రం అప్పుడూ రాయాల్సిందే.

యాక్సిడెంటయితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 106 కింద 5 ఏళ్ళ వరకు. తాగి నడిపి చంపితే పోలీసులు 105 కూడా పెడుతున్నారు, అందులో శిక్ష 10 ఏళ్ళ దాకా వెళ్ళగలదు, బెయిలూ అంత సులువు కాదు. ఆ రాత్రే క్రిమినల్ లాయరు కావాలి.

లాయరు ఎలా? గేటు దగ్గర "గ్యారంటీ" అంటూ చేయి పట్టుకునేవాళ్ళ వెంట వెళ్ళకండి. అడ్వకేట్లు ఇలా కేసులు అడుక్కోకూడదు, ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు అని బార్ కౌన్సిల్ నిబంధనలున్నాయి. మీ కేసున్న కోర్టులోనే రోజూ వాదించే అడ్వకేట్‌ను చూసుకోండి. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి, వాళ్ళు తప్పు పట్టుకోరు. ఫీజు ఏ దశకు ఎంతో రాయించుకోండి: వకాలత్‌నామా (మీ తరఫున వాదించే అధికారం లాయరుకు ఇచ్చే కాగితం) వేయడానికి ఎంత, విచారణ నడిస్తే ఎంత, కాపీలకి ఎంత. వకాలత్‌నామా మీద కేసు నంబరు రాయకుండా ఖాళీగా సంతకం పెట్టకండి. ఫీజు భరించలేనివాళ్ళు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళొచ్చు, హెల్ప్‌లైన్ 15100. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితం.

ఫ్లైటు తప్పదా? అయితే లాయరు చేత వ్యక్తిగత హాజరు మినహాయింపు పిటిషన్ వేయించండి, క్రిమినల్ కేసు ఎలా నడవాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 228, 355 సెక్షన్లు అందుకే ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా ఎక్కేస్తే సమన్లు, ఆ తర్వాత నాన్ బెయిలబుల్ వారంటు, రెండేళ్ళ తర్వాత పాస్‌పోర్టు రెన్యువల్ దగ్గర ఆ పెండింగ్ కేసు బయటపడుతుంది. ఇంకా ముఖ్యం: ఒప్పుకుని జరిమానా కట్టినా సరే, తీర్పు సర్టిఫైడ్ కాపీ, చార్జిషీటు కాపీ, రసీదు, మూడూ తీసుకునే విమానం ఎక్కండి. కాపీయింగ్ సెక్షన్‌లో అర్జీ పెట్టిన రోజే చేతికి రాదు, అందుకే మీ తరఫున తీసుకునే అధికారం లాయరుకో తమ్ముడికో ఇచ్చి వెళ్ళండి. ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక నంబరు) కొడితే కేసు ముగిసిందో లేదో న్యూజెర్సీలో కూర్చుని మీరే చూసుకోవచ్చు.