స్కోషియా అంటే చీకటి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలు మన్నించాలి, పేరుపేరునా పలకరించడం లేదు. నాకిచ్చింది పావుగంట. నలభై ఏళ్లుగా గొంతులో ఉండిపోయిన మాట ఒకటి చెప్పాలి.

మా చదువులో మౌల్డింగుల పేర్లన్నీ, అంటే స్తంభాలకూ గోడల అంచులకూ ఉబ్బులుగా, గాడులుగా తీర్చే అలంకారాల పేర్లన్నీ, బట్టీ పట్టించారు. టోరస్, స్కోషియా, ఆస్ట్రగల్, సైమా, ఓవలో. ‘స్కోషియా అంటే అర్థం ఏంటి సార్?’ అని వైవాలో అడిగితే, ‘పేరుకు అర్థమేంటయ్యా’ అని కసిరారు. మార్కులు పోయాయి, పోనీయండి. అర్థం ఉంది! గ్రీకులో స్కోటోస్ అంటే చీకటి. స్తంభం పాదంలో టోరస్ అనే రెండు గుండ్రటి ఉబ్బుల మధ్య తొలిచిన గాడి అది. ఎండ పైనుంచి పడగానే లోపల నల్లబడుతుంది. కంటికి కనబడిందే పేరైంది.

అన్నీ ఇంతే. సైమా అంటే అల. ఓవలో ఇటలీవాళ్ల గుడ్డు. ఆస్ట్రగల్ అంటే చీలమండ ఎముక. గ్రీకు పిల్లలు గొర్రె ఎముకలు ఎగరేసి, మన ఆడపిల్లలు అచ్చనగాయలు ఆడినట్టే మునిచేతి మీద పట్టేవాళ్లు. ఇక చూరు కింద వరసగా ఉండే డెంటిల్స్, అంటే చిన్న పళ్లు. ఒకప్పటి చెక్క వాసాల చివరలే రాతిలో అలా మిగిలాయని రోమన్ విట్రూవియస్ రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. మన గుడి అధిష్ఠానంలో, అంటే కింది పీఠంలో, ఒక వరసను కుముదం అని, అంటే కలువ అని, ఇంకోదాన్ని గళం అని, అంటే మెడ అని, అనలేదూ?

ఇదంతా నాకు మొదట తెలిసింది పుస్తకంలో కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పాత మేడ కార్నీస్, అంటే గోడ పైఅంచున ముందుకు పొడుచుకొచ్చే అలంకారం, బాగుచేయిస్తున్నాం. ముసలి మేస్త్రీ రేకు ముక్కను వంపుగా కత్తిరించి, పచ్చి సున్నం మీద లాగుతున్నాడు. లాగడం, దూరంగా వెళ్లి చూడడం, మళ్లీ రేకును ఆకురాయితో అరగదీయడం. మూడుసార్లు అయింది. నాకు టెన్షన్, సాయంత్రానికి పని అప్పగించాలి. ‘ఇంకేం కావాలి మేస్త్రీ?’ అన్నాను. ‘లోతు చాల్లేదు బాబూ, నీడ నిలవడం లేదు’ అన్నాడు.

నీడ నిలవడం లేదు! వైవాలో నాకు దొరకని జవాబు అదే.

రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను. బాబూ, ఆ లైట్లు ఒక్క నిమిషం ఆపుతారా? ఇది నేను పోత పోసిన స్తంభం పాదం. టార్చి పైనుంచి పట్టుకుంటాను. టోరస్ మెరుస్తోందా? దాని కింద ఆ నల్లగీత... ముందు వరసలోని అమ్మాయీ, ఇలా రామ్మా, అందులో వేలు పెట్టి చూడు.