అబ్లార, అబ్లరా: స్పానిష్‌లో ‘ఉంటే బాగుండు’

అక్క: నమస్కారం. స్పానిష్ నేర్చుకునే మనవాళ్లు చాలామంది ఆగిపోయే చోటికి వచ్చాం ఇవాళ. ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్, అంటే ఊరికే ఊహించుకున్నవీ, గతంలో కోరుకున్నవీ చెప్పే క్రియారూపం. పేరు విని టెన్షన్ పడకండి, రెగ్యులర్ క్రియలే చూద్దాం. తమ్ముడూ, మొన్న ఆఫీసు కాల్‌లో ఏమైందో చెప్పు.

తమ్ముడు: మెక్సికో టీమ్‌తో కాల్ అక్కా. ‘మా మేనేజర్ క్లయింట్‌తో మాట్లాడితే ఈ పని అయిపోయేది’ అనాలి. ‘సి అబ్లరా కొన్ ఎల్ క్లియేంతె’ అని, తర్వాతి మాట కోసం వెతుక్కుంటూ ఆగాను. వాళ్లు ‘పెర్ఫేక్తొ’ అనేసి ఇంకో విషయంలోకి వెళ్లిపోయారు.

అక్క: వాళ్లకు ‘అవును, క్లయింట్‌తో మాట్లాడతారు’ అని వినిపించింది మరి! ‘అవును’ అన్నా ‘సి’నే, మన ‘-తే’కీ ‘సి’నే. తేడా అంతా క్రియలో ఉంది. మన లిపిలో దీర్ఘం ఉన్నచోట ఒత్తి పలకాలనుకో. అబ్లరా అంటే మాట్లాడతారు. అబ్లార అంటే, మాట్లాడితే. నువ్వు చివర ఒత్తావు.

తమ్ముడు: అసలు ఆ అబ్లార ఎలా తయారవుతుంది?

అక్క: ‘వాళ్లు మాట్లాడారు’ ఏమంటారు?

తమ్ముడు: అబ్లారొన్.

అక్క: ‘రొన్’ తీసేసి ‘ర’ పెట్టు. అబ్లార. నేను, అతను, ఆమె, ఈ ముగ్గురికీ అదే. నువ్వైతే అబ్లారస్, వాళ్లయితే అబ్లారన్, మనమైతే అబ్లారమొస్. ఆ ‘మనం’ రూపం రాసేటప్పుడు మాత్రం ‘లా’లోని అచ్చు మీద గీత పెట్టడం మరిచిపోకూడదు. తినడానికి కొమియేరొన్ నుంచి కొమియేర, నివసించడానికి బిబియేరొన్ నుంచి బిబియేర. అంతే.

తమ్ముడు: తయారుచేయడం తేలికే. ఎప్పుడు వాడాలన్నదే నాకు పట్టుబడదు.

అక్క: ఎందుకంటే తెలుగులో ఆ పని వాక్యం చివర జరుగుతుంది. ‘నువ్వు తినాలని అమ్మ కోరుకుంటోంది’, ‘నువ్వు తినాలని అమ్మ కోరుకుంది’. రెండింట్లోనూ ‘తినాలని’ కదల్లేదు, చూడు. స్పానిష్‌లో కదులుతుంది. ‘కియేరె కె కోమస్’ ఇప్పటి కోరిక. అమ్మ కోరిక గతంలోకి వెళ్లగానే తినడం కూడా వెంట వెళ్తుంది: ‘కెరీయ కె కొమియేరస్’.

తమ్ముడు: ‘లాటరీ తగిలితే ఇల్లు కొంటాను’, ‘తగిలితే కొనేవాణ్ణి’. ఇక్కడా ‘తగిలితే’ మారలేదు!

అక్క: అదే నేను చెప్పేది. తగలదని మనకు ‘కొనేవాణ్ణి’ దాకా వస్తే గానీ తెలియదు. స్పానిష్ వాళ్లకు మొదటి సగంలోనే తెలిసిపోతుంది: ‘సి గనార ల లొతెరీయ, కొంప్రరీయ ఉన కాస’. ‘గనార’ అనగానే అది ఊహ అని అర్థం. అందుకే నువ్వు ‘సి’ అన్నప్పుడే మనసులో తేల్చుకోవాలి, జరిగేదా, ఊరికే అనుకుంటున్నదా అని.

తమ్ముడు: మరి ‘ఉంటే బాగుండు’?

అక్క: నాకు చాలా ఇష్టమైన మాట అది. ‘ఒహలా’. అరబ్బీ నుంచి వచ్చింది, అందులో దేవుడి పేరుంది. ‘ఒహలా మి అబుయేల బిబియేర సేర్క’. అమ్మమ్మ దగ్గర్లో ఉంటే బాగుండు. దగ్గర్లో లేదని ఆ ‘బిబియేర’ ఒక్కటే చెప్పేస్తుంది. మన ‘బాగుండు’లో ఉన్న వెలితి అంతా అందులో ఉంది.

తమ్ముడు: ‘అబ్లాసె’ అని కూడా ఎక్కడో చూశాను.

అక్క: అదీ ఇదే, అర్థం మారదు. స్పెయిన్‌లో వినపడుతుంది. మెక్సికో వాళ్లతో మాట్లాడటానికి నీకు ‘ర’ రూపం చాలు. వచ్చే కాల్‌కి ఒక వాక్యం ఇస్తాను, నోటికి పట్టించుకో. ‘మీరు ఇంకాస్త నెమ్మదిగా మాట్లాడితే బాగుంటుంది’: ‘మె గుస్తరీయ కె అబ్లారన్ మాస్ దెస్పాసియొ’.

తమ్ముడు: మె గుస్తరీయ కె అబ్లరాన్...

అక్క: అబ్లారన్. ‘బ్లా’ మీద ఒత్తు.

తమ్ముడు: అబ్లారన్. మె గుస్తరీయ కె అబ్లారన్ మాస్ దెస్పాసియొ.

అక్క: ఆఁ, ఇప్పుడు సరిగ్గా వచ్చింది. ఇంకోసారి అను.