మరికొద్ది సేపట్లో...

శ్రోతలకు నమస్కారం.

ఎన్నికల వేసవి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఒక ఆటో. నెత్తిన మైకు కట్టుకుని, "మరికొద్ది సేపట్లో మన అభ్యర్థి గారు..." అంటూ కాలవగట్టు మీద తిరిగే ఆటో. మా కోనసీమలో ఆ "మరికొద్ది సేపు" ఎంతసేపో చెప్పినవాడు లేడండి.

ఒక ఏడాది సంగతి చెబుతాను. అభ్యర్థి పేరు చెప్పను, ఆయన ఇప్పుడు మూడో పార్టీలో ఉన్నారు. దాళ్వా, అదే రెండో పంట, కోతలు అయిపోయాయి, కాలవలకి నీళ్లు ఆపేశారు. నాలుగింటికి ఆటో చెప్పింది, ఐదింటికి నేను లాకుల దగ్గర రావిచెట్టు కిందకి చేరాను. చేలకి నీరు తెచ్చే మా పంట బోదెలో పూడిక పేరుకుపోయి శివారు చేలకి నీరందడం లేదు. ఆ సంగతి కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆరయింది, ఏడయింది, ఎనిమిదిన్నరయింది. ఆకలికి ఆగలేక ఇంటికెళ్లాను. ముద్దపప్పు, ఆవకాయ. సగం భోజనంలో ఉండగా టపాకాయలు వినిపించాయి. లేవబోతే, "పెరుగు వేసుకోకుండా లేస్తావేంట్రా" అంది అమ్మ. వేసుకున్నాను. ఆ పెరుగన్నమే కొంప ముంచింది.

నేను పరిగెత్తుకెళ్లేసరికి దుమ్ము ఉంది, కాన్వాయ్ లేదు. జనం మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

ఏం జరిగిందంటే, ఆయన పార్టీ మారి అప్పటికి పది రోజులే. ప్రసంగం చివర గొంతు పెంచి, "మీ అమూల్యమైన ఓటు..." అంటూ పాత పార్టీ గుర్తు చెప్పేశారు! ఒక్క క్షణం చీమ చిటుక్కుమనలేదట. అరుగు మీదున్న ఒక ముసలాయన, "ఆయ్, ఆ గుర్తుకేనాండీ?" అన్నాడు. అభ్యర్థి గారు తడుముకోలేదు. "నోరు పాతదండి, గుర్తే కొత్తది. ఇరవై ఏళ్ల అలవాటు పది రోజుల్లో పోద్దాండీ?" అన్నారు. చప్పట్లే చప్పట్లు. అప్పుడు నేనెక్కడున్నాను? పెరుగన్నం దగ్గరున్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. 2018 మార్చిలో కర్ణాటకలోని దావణగెరెలో అమిత్ షా గారు ప్రత్యర్థి ప్రభుత్వాన్ని తిట్టబోయి, పక్కనే కూర్చున్న సొంత నాయకుడు యడ్యూరప్ప ప్రభుత్వమే అవినీతిలో మొదటిదనేశారు. చెవిలో చెప్పగానే దిద్దుకున్నారు. అమెరికాలో 1976 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డు గారు మాత్రం, తూర్పు యూరప్ మీద సోవియట్ పెత్తనం లేదని ఎన్నికల చర్చలో అనేసి, మళ్లీ అడిగినా పట్టు విడవలేదు. దిద్దుకునేసరికి రోజులు గడిచాయి. నవంబరులో ఓడిపోయారు. ఓటమికి అదొక్కటే కారణమని అననుగానీ, మా అభ్యర్థి గారి చురుకు ఆయనకి లేకపోయిందే అనిపిస్తుంది.

అయినా పాపం, రోజుకి ఇన్నేసి ఊళ్లు, నిద్ర లేదు, గొంతు లేదు. అలసిన నాలుక, అలవాటుపడ్డ ఎద్దులాగా పాత బాటే పడుతుంది. ఇలా తడబడినవాళ్ల కంటే, తడబడకుండా వంతెన కట్టిస్తానన్నవాళ్లే నన్ను ఎక్కువ మోసం చేశారు.

సరే, మీకు పనికొచ్చే ముక్క ఒకటి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ప్రచారం మైకు మోగకూడదు. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారమే ఆగిపోవాలి. అందుకని దారిలో చివరనున్న ఊళ్లకి చాలాసార్లు ఉత్త నమస్కారమే దక్కుతుంది. మీకు ఇవ్వాల్సిన అర్జీ ఉంటే ఆ దుమ్ములో నిలబడకండి. పొద్దున్నే, ఆయన బండెక్కక ముందే, బస చేసిన చోటికి వెళ్లండి. లేదూ, రాత్రి నిలబడి చూడాల్సిందే అంటారా, అన్నం తిని వెళ్లండి. పెరుగుతో సహా.

నా కాగితమా? చొక్కాతోపాటే ఉతుక్కి వెళ్లిపోయింది. బోదెలో పూడిక ఆ ఏడు మేమే తీసుకున్నాం, మనిషికో పార పట్టుకుని.

సెలవు, నమస్కారం.