రోజంతా వాడే తెర, ఒక్కసారి చూసే తెర

[తెరపై: ఎడమవైపు ఒక కంపెనీ వెబ్‌సైటు మొదటి పేజీ, కుడివైపు అదే కంపెనీ బిల్లింగ్ అప్లికేషన్]

నమస్కారం. ఒక సంస్థ బయటివారి కోసం పెట్టుకునే వెబ్‌సైటుకూ, తన సిబ్బంది కోసం తయారు చేయించుకునే వెబ్ అప్లికేషన్‌కూ రూపకల్పనలో ఉండవలసిన తేడాను ఈ వీడియోలో పరిశీలిద్దాం. రెండూ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి, రెండింటినీ తరచుగా ఒకే బృందం తయారు చేస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

వెబ్‌సైటుకు వచ్చేవారిలో చాలామంది గూగుల్‌లో వెతుక్కుంటూ, సెల్‌ఫోన్‌లో, తొలిసారి వస్తారు. నచ్చకపోతే వెళ్లిపోతారు. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ సూచించడం ఇలాంటివారిని దృష్టిలో పెట్టుకునే. పెద్ద అక్షరాలు, బొమ్మలు, ధారాళంగా వదిలిన ఖాళీ స్థలం అక్కడ అవసరమే.

[తెరపై: మందుల బిల్లు నమోదు చేసే ఫారం, దగ్గరగా]

ఇప్పుడు కోఠిలో ఒక మందుల టోకు దుకాణాన్ని ఊహించుకుందాం. బిల్లులు కొట్టే ఉద్యోగి పొద్దున కూర్చుంటే రాత్రి దాకా ఇదే తెర ముందు ఉంటారు. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎంఆర్‌పీ, డిస్కౌంటు, జీఎస్టీ అన్నీ ఒకే వరుసలో కనబడాలి, పేజీ కిందికి జరపవలసిన అవసరం రాకూడదు. ఎక్స్‌పైరీకి నెల, సంవత్సరం చాలు కనుక అక్కడ అందమైన క్యాలెండర్ పెట్టడం అడ్డంకే. నాలుగు అంకెలు టైపు చేయనిస్తే పని అయిపోతుంది. ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కు అలవాటుపడిన చెయ్యి ఎంటర్ నొక్కితే తరువాతి గడికి వెళ్లాలనుకుంటుంది. మామూలు వెబ్ ఫారంలో, గడిలో ఉండగా ఎంటర్ నొక్కితే, సగం నింపిన ఫారమే సబ్మిట్ అవుతుంది. డెమోలో మౌస్‌తో చూపించినప్పుడు ఈ లోపం ఎవరికీ కనబడదు, ఎందుకంటే డెమో చూసి ఆమోదించే యజమాని బిల్లులు కొట్టరు.

2001లో హైదరాబాదులో మొదలైన ఈ-సేవ కేంద్రాల్లో కరెంటు బిల్లు వివరాలు కౌంటరులోని ఆపరేటరే నమోదు చేసేవారు. అలాంటి ఆపరేటరుకు ఏ నంబరు కావాలో కంఠతా వచ్చు. అదే బిల్లును ఇంటి నుంచి కట్టేవారికి మాత్రం యూఎస్‌సీ నంబరు (ఒక్కో కరెంటు కనెక్షన్‌కు ఇచ్చే ప్రత్యేక సంఖ్య) అంటే ఏమిటో, అది బిల్లులో ఎక్కడ ముద్రించి ఉంటుందో బొమ్మ వేసి చూపించాలి. ఆ బొమ్మనే కౌంటరు తెరపై పెడితే రోజంతా చోటు తింటుంది.

[తెరపై: “నిర్ధారిస్తున్నారా?” అని అడిగే పెట్టె]

తప్పుల విషయం మరింత ముఖ్యం. ఇలాంటి హెచ్చరిక ఎప్పుడో ఒకసారి వచ్చే సందర్శకుడిని ఆపుతుంది. పదే పదే చూసే ఉద్యోగి మాత్రం చదవకుండానే సరే అనేస్తారు. కనుక లోపలి అప్లికేషన్‌లో అడ్డుపడే ప్రశ్నల కన్నా, జరిగినదాన్ని సరిదిద్దుకునే మార్గమే మేలు. అలాగని జారీ చేసిన బిల్లును చడీచప్పుడు లేకుండా చెరిపేయనివ్వకూడదు. సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోటు, అంటే కొన్నవారికి ఆ మేరకు సొమ్ము తగ్గించినట్టు చూపే పత్రం, ఉండాలి. పైగా, కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఆడిట్ ట్రెయిల్‌గా నమోదు కావాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అందుచేత ఏ గడిని ఎవరు, ఎప్పుడు మార్చారో, అంతకుముందు ఏముందో చూపించే తెరను చివర్లో అతికించకుండా, మొదటి నమూనాలోనే గీయించుకోవాలి.