సాక్షిని సిద్ధం చేయడం వేరు, నేర్పించడం వేరు

నమస్తే. నల్లగొండ కోర్టులో ఇప్పుడిప్పుడే ప్రాక్టీస్ మొదలుపెట్టిన జూనియర్ల కోసం ఈ వీడియో.

1974లో అమెరికాలో లోఫ్టస్, పామర్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించారు. కార్లు "బలంగా గుద్దుకున్నప్పుడు" స్పీడెంత అని కొందరిని అడిగితే, జవాబుల సగటు 40 మైళ్లు దాటింది. "తగిలినప్పుడు" అని అడిగినవాళ్ల సగటు 32 మైళ్ల లోపే. అందరూ చూసింది అవే ఫిల్ములు. ప్రశ్నలో మారింది ఒక్క మాట.

అందుకే చీఫ్‌లో, అంటే మన సాక్షిని మనమే ముందుగా విచారించేటప్పుడు, లీడింగ్ ప్రశ్నలకు, అంటే జవాబును తామే అందించే ప్రశ్నలకు, చట్టం అడ్డు చెప్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం, 146వ సెక్షన్ ఒకసారి చదవండి. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, మాత్రం అడగొచ్చు.

నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద లారీ, బైకును గుద్దిన కేసు అనుకుందాం. మీరు ప్రాసిక్యూషన్ వైపు. సాక్షి పక్క ఊరి రైతు. "లారీ స్పీడుగా వచ్చింది కదా?" అంటే, నల్లకోటు మీద గౌరవంతోనే "అవును సార్" అంటాడు. అది మీ మాట, ఆయన మాట కాదు. "ఏం చూశారో చెప్పండి పెద్దాయనా" అని ఆగండి. "పొద్దుగూకినంక చింతచెట్టు కాడ నిలబడ్డ సార్" అంటాడు. రికార్డులో అది "ఈవినింగ్" అని పడిందో, చిక్కే. నాలుగు గంటలైనా ఈవినింగే. పోలీసు స్టేట్‌మెంట్‌లో ఏడున్నర అని ఉంటే, క్రాస్‌లో ఆ పెద్దాయన అబద్ధాలకోరు అయిపోతాడు. పాపం, ఆయన నిజమే చెప్పాడు! వెంటనే అడగండి: "అప్పటికి వెలుతురు ఎట్లుండె? ఎంత దూరం నుంచి చూశారు? ఈ హాల్లో చూపించండి."

ముందురోజు ఆఫీసుకు పిలిపించి కోర్టు పద్ధతి చెప్పండి, పాత స్టేట్‌మెంట్ గుర్తుచేయండి. గుర్తులేనిది గుర్తులేదు అనొచ్చని ధైర్యం ఇవ్వండి. జవాబు రాసిచ్చి బట్టీ పట్టించవద్దు. కోర్టులో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల దాకా జైలు, చెప్పించినవాళ్లకూ తిప్పలే.

ఇక డాక్టర్. చీఫ్‌లో ముందు గాయాలు, కొలతలు చెప్పించండి, అభిప్రాయం ఆ తర్వాత. క్రాస్‌లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "బైక్ మీంచి తనే పడినా ఈ గాయాలు అవుతాయా?" డాక్టర్ నిజాయితీగా "అయ్యే అవకాశం ఉంది" అంటారు. టెన్షన్ పడకండి. రీ-ఎగ్జామినేషన్‌లో, అంటే క్రాస్ అయ్యాక మీరు మళ్లీ అడిగేటప్పుడు, ఒక్కటే అడగండి: "ఏయే గాయాల గురించి ఆ మాటన్నారు?" అప్పుడు డాక్టర్ గాయాల సర్టిఫికెట్ మళ్లీ తెరిచి, ఒక్కొక్కటీ చూసి చెప్తారు.